నిండు అరల దుకాణంలో కె-160 స్ప్రింక్లర్లు: ఒక సమీక్ష

ప్లాస్టిక్ సామాను, బొమ్మలు, దిండ్లు, దుప్పట్లు వంటివన్నీ తలకు మించిన ఎత్తు దాకా అరల్లో పేర్చి అమ్మే పెద్ద దుకాణానికి మామూలు దుకాణాల స్థాయి స్ప్రింక్లర్లు సరిపోవు. అందుకే మా దుకాణంలో పాత కె-80 హెడ్‌లను, అంటే నీరు చిమ్మే మూతులను, తీయించి, వాటి స్థానంలో కె-160 హెడ్‌లతో తడి పైపు వ్యవస్థను, అంటే పైపుల్లో ఎప్పుడూ నీరు నిండి ఉండేదాన్ని, వేయించాం. కె అంకె ఎంత పెద్దదైతే అదే పీడనానికి హెడ్ నుంచి అంత ఎక్కువ నీరు వస్తుంది. పరీక్షలన్నీ దగ్గరుండి చూసి, లెక్కల కాగితాలన్నీ చదివిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. హెడ్‌లు నిస్సందేహంగా మంచివి, పైపుల పనితనమూ మెచ్చుకోదగ్గదే. అయితే పని చేసిన సంస్థ అరల గురించి అడగవలసిన ప్రశ్నలను తనంతట తాను అడగలేదు, ఇది తేలిగ్గా తీసుకోవలసిన లోపం కాదు.

ఎందుకు కాదో చెప్పాలంటే అరలో మంట ఎలా నడుస్తుందో చెప్పాలి. ఖాళీ హాలులో నేల మీద మంట పుడితే పైకప్పు నుంచి పడే నీరు నేరుగా దాని మీదే పడుతుంది. కింది అరలో పుట్టిన మంటకు మాత్రం పైనున్న అర రేకు గొడుగు పట్టినట్టు అడ్డుపడుతుంది. మంట అర ముందు అంచు నుంచి బయటికి వచ్చి, సరుకు ముఖం వెంబడి పై అరలకు పాకుతుంది. ఆ వేడి గాలి పైకప్పును చేరి, అక్కడ ఉన్న హెడ్ గాజు బల్బును పగలగొట్టాకే నీరు మొదలవుతుంది. అప్పటికి ఆ నీరు చేయగలిగినది అరల ముందు భాగాలను, నడవను, ఎదుటి వరుస సరుకును తడిపి మంటను ఉన్నచోటే కట్టడి చేయడం. అర లోపలి మూలలో మిగిలిన నిప్పును ఆర్పడం చాలాసార్లు అగ్నిమాపక దళం వచ్చి చేయవలసిన పనే. స్ప్రింక్లర్ల ఏర్పాటుకు అమెరికా అగ్ని భద్రతా సంఘం రాసిన ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రమాణం అర లోతుకు 762 మిల్లీమీటర్లు, అంటే 30 అంగుళాల పరిమితి పెట్టి, నడవ కూడా కనీసం అంతే వెడల్పు ఉండాలంటున్నది. లోతు పెరిగే కొద్దీ నిప్పుకూ తడిసే ముఖానికీ మధ్య దూరం పెరుగుతుంది కనుక ఈ పరిమితిలోని తర్కం సులువుగానే బోధపడుతుంది. అది దాటితే ఆ నిర్మాణాన్ని ర్యాక్‌గా, అంటే గిడ్డంగుల్లో వాడే నిల్వ చట్రంగా, పరిగణిస్తారు. అప్పుడు నియమాలు మారిపోయి, ర్యాక్ లోపల కూడా హెడ్‌లు పెట్టవలసి రావచ్చు.

సర్వేకు వచ్చిన ఇంజినీరు నేల కొలతలు, పైకప్పు ఎత్తు, దూలాల స్థానాలు ఎంతో శ్రద్ధగా రాసుకున్నారు. అర ఎంత లోతు, సరుకు ఎంత ఎత్తు, అందులో ప్లాస్టిక్ ఎంత, ఫోమ్ ఎంత అన్నవి మాత్రం ఆయన పుస్తకంలోకి ఎక్కలేదు. ఫలితంగా మొదటి డ్రాయింగులో హాలంతటినీ ఆర్డినరీ హజార్డ్ రెండో వర్గం, అంటే మామూలు దుకాణాల స్థాయి ప్రమాదం, కింద చూపి, నిమిషానికి 8.1 మిల్లీమీటర్ల నీటి సాంద్రతతో (అంటే ఒక్కో చదరపు మీటరుకు నిమిషానికి 8.1 లీటర్లతో) పాత కె-80 హెడ్‌లనే కొనసాగించారు. పాలిథిలిన్, పాలిప్రొపిలిన్, పాలిస్టైరిన్ వంటివి ప్లాస్టిక్‌లలోకెల్లా తీవ్రంగా మండే ఎ గ్రూపుకు చెందినవి. వాటిలోనూ ఫోమ్ రూపంలో ఉన్నవి మరీ ప్రమాదకరం. 2007 జూన్ 18న అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో స్ప్రింక్లర్లు లేని, ఫోమ్ సోఫాలు అమ్మే దుకాణం కాలిపోయి తొమ్మిది మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అటువంటి సరుకు నిండిన అరలను మామూలు అమ్మకపు హాలుగా లెక్కకట్టడం నాకు ఏమాత్రం అంగీకారం కాలేదు. అరల కొలతలూ సరుకుల జాబితా మేమే ఇచ్చి మళ్లీ లెక్క వేయమన్నాక సాంద్రత నిమిషానికి 17 మిల్లీమీటర్లుగా, అంటే రెట్టింపుకు పైగా తేలింది.

కె-160 విలువ ఇక్కడే తెలుస్తుంది. ఒక్కో హెడ్ 9.3 చదరపు మీటర్లు తడపాలంటే, 17 మిల్లీమీటర్ల చొప్పున దాని నుంచి నిమిషానికి సుమారు 158 లీటర్లు రావాలి. హెడ్ నుంచి వచ్చే నీరు దాని కె విలువను పీడనపు వర్గమూలంతో గుణిస్తే వచ్చేంత కనుక, కె-80 హెడ్ దగ్గర ఇందుకు దాదాపు 4 బార్ల పీడనం కావాలి. కె-160కి ఒక్క బార్ చాలు. ఎక్కువ నీరు కావలసి వచ్చింది కాబట్టి పంపునూ ట్యాంకునూ పెంచక తప్పలేదు గానీ, చిట్టచివరి హెడ్ దగ్గర నాలుగు రెట్ల పీడనం నిలబెట్టే బెడద తప్పింది. అంతకన్నా ముఖ్యమైనది చుక్క పరిమాణం. చిన్న రంధ్రం గుండా గట్టి పీడనంతో వచ్చే నీరు సన్నని తుంపరగా విడిపోతుంది. పైకి ఎగసే వేడి గాలి దానిని చెదరగొట్టేస్తుంది. పెద్ద రంధ్రం నుంచి తక్కువ పీడనంతో జారే లావుపాటి చుక్కలు ఆ గాలిని చీల్చుకొని సరుకు దాకా దిగుతాయి. నాకు ఈ హెడ్‌లు నచ్చడానికి మొదటి కారణం ఇదే.

వీటికి బదులు ఈఎస్‌ఎఫ్‌ఆర్ హెడ్‌లు, అంటే త్వరగా తెరుచుకొని మంటను మొదట్లోనే అణచివేసేవి, వేయమని కొందరు సలహా ఇచ్చారు. అవి గిడ్డంగుల్లోని తెరపి ర్యాకుల కోసం, సరుకు మధ్య నిలువు సందుల గుండా నీరు కిందికి దిగుతుందన్న ఆధారంతో రూపొందినవి. రేకు అరల మధ్య ఆ సందులే ఉండవు.

అరల వీపు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ మాట్లాడి తీరాలి. వీపులు ఆనించి నిలబెట్టిన రెండు వరుసల మధ్య గట్టి రేకో, ప్లైవుడ్డో ఉంటే ఒకవైపు మంట రెండోవైపు సరుకును వెంటనే అంటుకోదు. కొత్త డిజైను ఆ అడ్డుగోడ ఉందన్న నమ్మకం మీదే ఆధారపడింది. వైర్ల కోసమో, ఏదైనా పెద్ద వస్తువు పట్టడం కోసమో సిబ్బంది ఆ రేకును విప్పి పక్కన పెట్టేశారంటే, పైన ఎంత మంచి హెడ్ ఉన్నా లెక్క తప్పినట్టే. అలాగే హెడ్‌లో నీటిని వెదజల్లే రేకుకూ, అంటే డిఫ్లెక్టర్‌కూ, సరుకు పైభాగానికీ మధ్య 457 మిల్లీమీటర్లు ఖాళీగా ఉంచాలి, లేకపోతే నీరు గుండ్రంగా విచ్చుకోక ముందే డబ్బాలకు కొట్టుకొని ఆగిపోతుంది. పండుగ సరుకు దిగిన వారంలో ఈ ఖాళీ మీదే అందరి కన్నూ పడుతుంది. ఆ ఎత్తు దగ్గర స్తంభాల మీద ఎర్ర గీత గీయించమని సంస్థ మనుషులే చెప్పారు. వాళ్లు ఇచ్చిన సలహాల్లోకెల్లా ఉపయోగపడింది అదే.

బిగింపు పనిలో వంక పెట్టడానికి లేదు. పైపులు కడిగి, పీడన పరీక్ష చేసి, ఆఖరున టెస్ట్ వాల్వు తెరిచి చూపించారు. నీరు పారడం మొదలయ్యాక 90 సెకన్ల గడువులోపే అలారం మోగింది. పొగ తగిలితే హెడ్‌లన్నీ ఒక్కసారిగా పేలి సరుకంతా నీటిపాలవుతుందని భయపడే మా గుమాస్తాలకు, ఏ హెడ్ దగ్గర వేడి 68 డిగ్రీలకు చేరితే ఆ ఎర్ర బల్బు మాత్రమే పగులుతుందని హెడ్‌ను చేతికిచ్చి మరీ వివరించారు. రంగు పడిన హెడ్‌ను తుడిచి వాడుకోకూడదని, మార్చి తీరాలని కూడా అప్పుడే చెప్పారు.

ప్రధాన వాల్వు దగ్గర తగిలించే డిజైను ఫలకం విషయంలో మాత్రం మళ్లీ అదే పాత లోపం కనిపించింది. సాంద్రత, విస్తీర్ణం, పీడనం అన్నీ చెక్కించి, సరుకు రకం, నిల్వ ఎత్తు అన్న గడులను ఖాళీగా వదిలేశారు. రేపు ఈ హాలులోకి కొత్త సరుకు తెచ్చే మేనేజరు ముందుగా చూడవలసినవి ఆ రెండే. పట్టుబట్టి పూర్తి చేయించాం. ఏరోసోల్ డబ్బాలు, రంగులు, థిన్నర్లు ఈ డిజైనులో చేరవని, వాటికి వేరే ఏర్పాటు కావాలని కూడా ఆ పక్కనే రాయించాం. ఈ హెడ్‌లను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. సంస్థను మాత్రం అరల కొలతలు, సరుకుల జాబితా ముందే చేతిలో పెట్టి, వాటి మీద సంతకం తీసుకొనే షరతు మీదే సిఫారసు చేస్తాను.