హెర్క్యులిస్ పోతే ఏది, ఓరియన్ పోతే ఏది? అయిదారు విమానాల వాయుసేనకి ఏది మేలు

2022 జనవరి 15న పసిఫిక్ ద్వీప దేశం టోంగా దగ్గర సముద్రంలోని అగ్నిపర్వతం పేలింది. దేశానికున్న సముద్రగర్భ కేబుల్ తెగింది, ఫోన్లు మూగబోయాయి. అక్కడ ఎవరున్నారో, ఎవరు పోయారో బయటివాళ్లకి తెలియదు. 17న న్యూజిలాండ్ వాయుసేన ఓరియన్ విమానం వెళ్లి పైనుంచి ఫొటోలు తీసుకొచ్చింది. టోంగా జనం పారలు, తోపుడుబళ్లు పట్టుకుని రన్‌వే మీది బూడిద ఎత్తిపోశాక, 20న అదే వాయుసేన హెర్క్యులిస్ మంచినీళ్లతో దిగింది.

చూసొచ్చింది ఒకటి, మోసుకెళ్లింది ఇంకొకటి. రెండూ 1960ల నాటివే. హెర్క్యులిస్ సి-130హెచ్ మూడు 1965లో, రెండు 1969లో వచ్చాయి. ఆ మోడల్‌ని ప్రపంచంలో అందరికన్నా ముందు కొన్నది న్యూజిలాండే. ఓరియన్లు 1966లో అయిదు వచ్చాయి, ఆరోది 1985లో ఆస్ట్రేలియా నుంచి కొన్నారు. రెండు రకాలకీ ఒకే కుటుంబం ఇంజన్, అలిసన్ టి56. అంటే షెడ్డులో మెకానిక్‌లకి ఒక్క ఇంజన్ చేతికి అలవాటైతే రెండు పనులూ నడిచేవి. అరవై ఏళ్లు లాగడంలో ఈ చిన్న సంగతి పాత్ర చాలా ఉందని నా అనుమానం.

పాత ఇంటికి తలుపులు మార్చి, కరెంటు వైర్లు మార్చి, స్లాబు కూడా మార్చినట్టు వీటికి రెక్కల భాగాలు, రాడార్లు, కాక్‌పిట్‌లు మార్చుకుంటూ వచ్చారు. చివరికి ఓరియన్లు 2023 జనవరిలో, పాత హెర్క్యులిస్‌లు 2025 జనవరిలో సెలవు తీసుకున్నాయి. వాటి బదులు వచ్చినవి నాలుగు బోయింగ్ పి-8ఎ పొసైడన్లు, అయిదు సి-130జె-30 సూపర్ హెర్క్యులిస్‌లు. అవే ఎందుకు? ఇంకేవి కొనొచ్చు? కొంటే ఏమయ్యేది?

లెక్కలోకి దిగేముందు ఒక మాట. మూడొందల విమానాలున్నవాడి బేరం వేరు, అయిదు ఉన్నవాడి బేరం వేరు. ఆర్టీసీ డిపోలో వంద బస్సులుంటే ఆరు షెడ్డులో పడున్నా సర్వీసులు తిరుగుతాయి. అయిదు బస్సులున్న ట్రావెల్స్ వాడికి పెళ్లిళ్ల సీజన్లో ఒకటి ఇంజన్ పనికి, ఒకటి ఫిట్‌నెస్‌కి వెళ్తే మిగిలేవి మూడు. విమానాలకీ అంతే. ఒకటి పెద్ద సర్వీసింగ్‌లో విప్పేసి ఉంటుంది, ఒకదాని మీద కొత్త పైలట్లు నేర్చుకుంటూ ఉంటారు. కాబట్టి కాగితం మీద ఏది ఎక్కువ మోస్తుందని కాకుండా, కబురు వచ్చిన రోజు ఎన్ని ఎగరగలవని నేను ముందు చూస్తాను.

మోసే విమానం

న్యూజిలాండ్ ముందు నాలుగైదు పేర్లున్నాయి. బోయింగ్ వాళ్ల భారీ రవాణా విమానం సి-17 మీద కూడా కన్నేశారు కానీ 2015లో దాని తయారీయే ఆగిపోయింది, మిగిలిన విమానాలు వేరేవాళ్లు తన్నుకుపోయారు. అది ఒకందుకు మంచిదే అయింది. అంత పెద్దవి రెండు కొంటే, ఒకటి ఆగిన రోజు సగం బలగం ఆగినట్టే.

ఎయిర్‌బస్ ఎ400ఎం ఇక్కడ అసలు పోటీదారు. 37 టన్నులు మోస్తుంది. 20 టన్నులతో సుమారు 6,400 కి.మీ. వెళ్తుంది. సి-130జె-30 అయితే 15 టన్నులతో సుమారు 3,800 కి.మీ. దూరాలు చూస్తే ఎ400ఎం గెలవాలి, ఎందుకంటే ఈ వాయుసేనకి అంటార్కిటికా ఉంది. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నుంచి అంటార్కిటికాలో అమెరికా స్థావరం మెక్‌మర్డో దగ్గరి మంచు రన్‌వేకి దాదాపు 3,900 కి.మీ. పాత హెర్క్యులిస్‌కి ఎనిమిది గంటల దాకా ప్రయాణం. దారిలో ఒక గీత ఉంటుంది. అది దాటితే తిరిగి వెళ్లడానికి ఇంధనం చాలదు, అవతల వాతావరణం ఎలా ఉన్నా దిగాల్సిందే. 2013 అక్టోబరులో ఇదే వాయుసేన బోయింగ్ 757 ఒకటి ఆ గీత దాటాక మెక్‌మర్డోని పొగమంచు కమ్మేసింది. వందమందికి పైగా ప్రయాణికులతో ఆకాశంలో తిరిగి తిరిగి, చివరికి నేల సరిగా కనబడకుండానే దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. ఎక్కువ ఇంధనం పట్టే విమానం విలువ అలాంటప్పుడు తెలుస్తుంది.

అయినా ఎ400ఎం కొనలేదు. కొనకపోవడమే సరి అంటాను. దాని ఇంజన్, గేర్‌బాక్స్ యూరప్ పెద్ద వాయుసేనలకే చాలాకాలం తలనొప్పి తెచ్చాయి. 2015 మేలో స్పెయిన్‌లోని సెవీల్‌లో కూలిన ఎ400ఎం విమానంలో ఇంజన్ సాఫ్ట్‌వేర్‌కి కావలసిన డేటా ఫైళ్లు చెరిగిపోయి, నాలుగింటిలో మూడు ఇంజన్లు పైలట్ మాట వినలేదు. నలుగురు చనిపోయారు. ఫ్రాన్స్, జర్మనీ లాంటివాళ్లకి ఇలాంటి బాలారిష్టాలు తట్టుకునే ఓపిక ఉంటుంది. మలేషియా నాలుగింటితో నడుపుతోంది, కాదనను. కానీ హెర్క్యులిస్‌లు అయిదు ఉన్న చోట ఎ400ఎంలు మూడే వస్తే టన్నులు పెరుగుతాయి, ఒకేరోజు రెండు చోట్లకి వెళ్లే వీలు తగ్గుతుంది. పసిఫిక్ ద్వీపాల్లో తుఫాను ఒక్క దేశం మీదుగా పోయి ఊరుకోదు కదా.

బ్రెజిల్ వాళ్ల కేసీ-390 నాకు ఇష్టమైన విమానం. జెట్ కాబట్టి వేగం, గరిష్ఠంగా 26 టన్నులు, ఇంజన్ కూడా పాసింజర్ ఎయిర్‌బస్‌ల మీద వేలసంఖ్యలో తిరుగుతున్న వి2500. 14 టన్నులతో సుమారు 5,000 కి.మీ. పోతుంది. చిక్కల్లా తేదీతోనే. న్యూజిలాండ్ 2019 జూన్‌లో సూపర్ హెర్క్యులిస్‌ని ఎంచుకుంది. బ్రెజిల్ వాయుసేనకే మొదటి కేసీ-390 అందింది ఆ సెప్టెంబరులో. తయారుచేసినవాడి ఇంట్లోనే ఇంకా కాపురం మొదలుపెట్టని విమానాన్ని, ప్రపంచానికి ఓ మూలన ఉన్న అయిదు విమానాల దేశం ఎలా నమ్ముతుంది? అదే ఏడు పోర్చుగల్ అయిదు కొంది. అది కూడా సరైన నిర్ణయమే, ఎందుకంటే ఆ విమానం భాగాలు పోర్చుగల్‌లో తయారవుతాయి. మరమ్మతు వాళ్ల గుమ్మంలోనే. ఆ తరవాత ఆస్ట్రియా తన మూడు ముసలి హెర్క్యులిస్‌ల స్థానంలో నాలుగు తీసుకోవాలనుకుని, ఒంటరిగా పోకుండా నెదర్లాండ్స్ వాళ్ల అయిదుతో కలిపి ఒకే కాంట్రాక్టు రాయించుకుంది. చిన్నవాళ్లకి ఇంతకన్నా తెలివైన పద్ధతి ఈమధ్య నేను చూడలేదు. న్యూజిలాండ్ ఈరోజు కొనాల్సి వస్తే కేసీ-390ని పక్కన పెట్టడం అంత తేలిక కాదు.

జపాన్ వాళ్ల కవాసాకి సి-2 గురించి ఎక్కువ చెప్పను. మంచి విమానం, జపాన్ తప్ప ఇంకెవరూ నడపరు. అక్కడితో కథ అయిపోయింది.

మిగిలింది సి-130జె. పాత చింతకాయ పచ్చడే అంటారు కొందరు. ఆకారం పాతదే, లోపల సరుకు కొత్తది. ఇంజన్లు రోల్స్ రాయిస్‌వి, ఒక్కో ప్రొపెల్లర్‌కి ఆరు రెక్కలు. నావిగేటర్, ఫ్లైట్ ఇంజినీర్ అక్కర్లేదు, ఇద్దరు పైలట్లు, సరుకు చూసుకునే లోడ్‌మాస్టర్ ఒకరు చాలు. మనుషులే దొరకని చిన్న వాయుసేనకి ఇది టన్నుల కన్నా పెద్ద లాభం. పొడవు పెరిగిన జె-30లో సరుకు పేర్చే ప్యాలెట్లు (పలకలు) ఆరు బదులు ఎనిమిది పడతాయి. పక్కనున్న ఆస్ట్రేలియా ఇదే నడుపుతోంది, ఇంకా 20 కొత్తవి ఆర్డర్ పెట్టింది. స్పేర్ పార్టు కావాలంటే టాస్మన్ సముద్రం దాటితే చాలు. సిమ్యులేటర్‌తో కలిపి అయిదింటికీ 152 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు.

మనవాళ్లకి ఒక ముక్క: ఈ విమానం తోక భాగం తయారయ్యేది హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో, టాటా, లాక్‌హీడ్ మార్టిన్ ఉమ్మడి కర్మాగారంలో. ఇక్కడ తయారైన తోకలే ప్రపంచంలో సి-130జె నడిపేవాళ్లందరికీ వెళ్తున్నాయి.

చూసే విమానం

ఇక్కడ బేరం ఇంకా గట్టిది. నాలుగు పి-8లకి దాదాపు 235 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు. ఆరు ఓరియన్ల చోట నాలుగే. నా సంఖ్యల వాదనకి ఇది ఎదురు తిరుగుతుంది, ఒప్పుకుంటాను.

ఎదురుగా ఐర్లాండ్‌ని పెట్టి చూడండి. రెండు దేశాల జనాభా 50 లక్షల చుట్టూనే. ఐర్లాండ్ 1994 నాటి రెండు సిఎన్-235లని తీసేసి, 2023లో రెండు ఎయిర్‌బస్ సి295 గస్తీ విమానాలు తెచ్చుకుంది. ఖర్చు సుమారు 22 కోట్ల యూరోలు. తరవాత రవాణాకి మూడో సి295 ఆర్డర్ ఇచ్చింది. ఒకే రకం, ఒకే ఇంజన్, ఒకే పైలట్ల జట్టు. న్యూజిలాండ్‌కి ఒకప్పుడు టి56 ఇచ్చిన సౌకర్యమే ఇది. మన దేశం కూడా పాత ఆవ్రో రవాణా విమానాల బదులు 56 సి295లు తీసుకుంటోంది, వాటిలో 40 వడోదరలో బిగించేవే.

మరి న్యూజిలాండ్ అలా ఎందుకు చెయ్యలేదు? దూరం వల్ల. ఆ దేశం గాలింపు, రక్షణ బాధ్యత తీసుకున్న ప్రాంతం దాదాపు 3 కోట్ల చ.కి.మీ., మన దేశానికి తొమ్మిది రెట్లు. 2,000 కి.మీ. అవతల ఒక పడవ మునుగుతోందనుకోండి. గంటకి 800 కి.మీ. పైన పోయే పి-8 రెండున్నర గంటల్లో అక్కడుంటుంది, ఇంకా కొన్ని గంటలు తిరుగుతూ వెతుకుతుంది. ఓరియన్‌కి మూడు గంటల పైచిలుకు. 480 మించని సి295కి వెళ్లిరావడానికే ఎనిమిది గంటలు దాటుతుంది, ఇక వెతికేదెప్పుడు? ఐర్లాండ్ ముంగిట్లో ఉన్న సముద్రానికి సి295 నప్పుతుంది, దక్షిణ పసిఫిక్‌కి చాలదు.

ఇంకోవైపు, ఐర్లాండ్ పొదుపు ఎక్కడ బయటపడిందో కూడా చెప్పాలి. 2021 ఆగస్టులో కాబూల్ నుంచి తమవాళ్లని తీసుకురావడానికి న్యూజిలాండ్ తన ముసలి హెర్క్యులిస్‌ని పంపింది. ఐర్లాండ్ బృందం ఫ్రెంచ్ విమానంలో వెళ్లాల్సి వచ్చింది.

జపాన్ పి-1 కూడా వరసలో ఉంది. నాలుగు ఇంజన్లు, సముద్రానికి దగ్గరగా కిందుగా తిరగడానికే పుట్టిన డిజైన్. విమానంగా చూస్తే పి-8 కన్నా అదే ముచ్చటగా ఉంటుంది. కానీ నడిపేది జపాన్ ఒక్కటే. పి-8 వొళ్లు బోయింగ్ 737, ఆ ఇంజన్లకి మెకానిక్ దొరకని దేశం లేదు. అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్, నార్వే, మన నౌకాదళం అన్నీ అదే నడుపుతున్నాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో టీయూ-142 మ్యూజియం చూసే ఉంటారు. రోడ్డుకి ఒకపక్క కురుసుర జలాంతర్గామి, రెండోపక్క అలాంటి జలాంతర్గాముల్ని వేటాడే ఆ రష్యా విమానం. తమిళనాడులోని అరక్కోణం నౌకాదళ స్థావరంలో దాని స్థానంలోకి వచ్చింది పి-8కి మన దేశపు రూపమైన పి-8ఐనే.

పి-8 మీద నా ఫిర్యాదు వేరు. దొంగచాటుగా చేపలు పట్టే పడవ ఫొటో తీయడానికి జలాంతర్గాముల వేట విమానం పంపడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. తీరం దగ్గరి పనికి చిన్న విమానాలు విడిగా ఉండాలి. న్యూజిలాండ్ దగ్గర శిక్షణ కోసం అద్దెకి తెచ్చుకున్న నాలుగు చిన్న కింగ్ ఎయిర్ 350 విమానాలు కొంత గస్తీ కూడా కాస్తున్నాయి, అది చాలదు. రెండు మూడు సి295లు జతచేసి ఉంటే నాలుగు పి-8లు దూరం పనికే మిగిలేవి. అప్పుడు ఆరుకి నాలుగు అనే లోటు ఇంతగా కనబడేది కాదు. అయితే ఇంకో రకం విమానం అంటే ఇంకో స్పేర్ల గది, ఇంకో శిక్షణ. అక్కడికొచ్చేసరికి ఆర్థిక శాఖ వాళ్లు తల అడ్డంగా ఊపుతారు, వాళ్లని కూడా తప్పు పట్టలేను.

కాబట్టి నా ఓటు: రవాణాకి 2019లో సి-130జె, ఈరోజైతే తోడు దొరికితే కేసీ-390. గస్తీకి పి-8, కానీ నాలుగు కాదు అయిదు. చుట్టుపక్కల సముద్రమే కాపలా కాయాల్సిన దేశమైతే ఐర్లాండ్ బాట పట్టొచ్చు.

ఇక ఆ బోయింగ్ 757లు. ఉన్నవే రెండు. 2024 జూన్‌లో ప్రధాని క్రిస్టఫర్ లక్సన్ జపాన్ వెళ్తుంటే ఒకటి పోర్ట్ మోర్స్‌బీలో మొరాయించింది, ఆయన మామూలు ప్రయాణికుల విమానం ఎక్కి వెళ్లారు. వాటి బదులు ఎయిర్‌బస్ ఎ321ఎక్స్ఎల్ఆర్‌లు తీసుకుంటామని 2025 ఆగస్టులో ప్రకటించారు. విమానం ఎంపికకి వంక పెట్టను. ఎన్ని అని చూస్తే మళ్లీ రెండే.