వంతు వచ్చేలోగా వచ్చిన ఫోన్: రెండేళ్ల తర్వాత నా మాట

పిల్లల మానసిక వైద్యం కోసం తిరిగినవాళ్లకు వెయిటింగ్ లిస్టు ఎంత పొడుగుంటుందో నేను చెప్పక్కర్లేదు. మా అమ్మాయిని రెండేళ్లుగా ఒకే చోట చూపిస్తున్నాం. నేను రాయాలనుకున్నది అక్కడి ఒక్క ఏర్పాటు గురించే. మన వంతు వచ్చేలోగా వారానికోసారి తల్లికో తండ్రికో ఫోన్ చేసి 20 నిమిషాలు మాట్లాడతారు. మమ్మల్ని ఒడ్డున పడేసింది అదే.

అమ్మాయికి అప్పుడు పదేళ్లు. బడి టైముకి కడుపునొప్పి, సెలవు రోజు ఉండదు. పేరు రాయించిన 18 రోజులకే పిలిచారు. పిల్లల మనసు, ప్రవర్తన ఎలా ఉన్నాయో అడిగే 25 ప్రశ్నల ఎస్‌డీక్యూ ఫారం నింపించుకుని, గంటసేపు మాట్లాడి, ఇది ఆందోళన సమస్య అన్నారు. ఎంత తొందరగా చూశారోనని ఆ నెలంతా కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సరిచేసుకోవాలి. తొందరగా అయింది మొదటి పిలుపు మాత్రమే. అసలు థెరపీకి లోపల ఇంకో లిస్టు ఉంది, అందులో ఏడు నెలలు. మొదటిసారి చూడగానే వాళ్ల లెక్కలో మా ఎదురుచూపు అయిపోయింది. మా ఇంట్లో కాలేదు.

ఫోన్ మీద మొదట నాకు నమ్మకం లేదు. మమ్మల్ని ఊరుకోబెట్టడానికే అనుకున్నాను. రెండో వారం ఫోన్ చేసిన ఆవిడ అడిగింది: “నొప్పొస్తే వచ్చి తీసుకెళ్తావా అని పొద్దున ఎన్నిసార్లు అడుగుతుందమ్మా?” చాలాసార్లు అన్నాను. “ఒక్కరోజు లెక్కపెట్టి చూడండి” అంది. మర్నాడు ఫ్రిజ్ మీద కాగితం అంటించి, అడిగిన ప్రతిసారీ గీత గీశాను. లేచిన దగ్గర్నుంచి బూట్లు వేసుకునేదాకా 31 గీతలు. 31 సార్లూ నేను “వస్తాను తల్లీ” అనే చెప్పాను. ఆ జవాబు తనకి రెండు నిమిషాలు ధైర్యమిస్తోంది, ఆ తర్వాత మళ్లీ అడిగితే తప్ప ఉండలేకపోతోంది. ప్రేమకొద్దీ నేను చేస్తున్న పనే భయానికి మేత అవుతోందని ఆ గీతలు చూసేదాకా నాకు తట్టలేదు. అప్పట్నుంచి ఒకసారే జవాబు. మళ్లీ అడిగితే, “నువ్వేం అనుకుంటున్నావు?” అని ఎదురు అడగడం. చెప్పినంత తేలిక కాదు. మొదటి వారం తను ఏడ్చింది, పక్కగదిలో నేనూ ఏడ్చాను.

తర్వాత మెట్లు, అంటే బడి భయాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొనే చిన్న చిన్న పనులు. సెలవు రోజు బడి గేటు దాకా నడవడం, బడి వదిలాక ఖాళీ క్లాసులో పది నిమిషాలు కూర్చోవడం, ఆపైన ఒక పూర్తి పీరియడ్. అమ్మాయే పెన్సిల్‌తో రాసింది. మూడో మెట్టు చెరిపి రాసి, చెరిపి రాసి, అక్కడ కాగితం చిల్లు పడింది. సరిగ్గా అక్కడే ఆగిపోయాం. క్లాసు గుమ్మం దగ్గర నా చెయ్యి వదల్లేదు. వెనక్కి తీసుకొచ్చేశాను. ఆ వారం ఫోన్‌లో, ఇక మా వల్ల కాదన్నాను. ఆవిడ ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. “మెట్టు ఎత్తు ఎక్కువైందమ్మా, మధ్యలో ఇంకోటి వేద్దాం” అంది. అలా వచ్చింది లైబ్రరీ. తను లోపల, నేను బయట బెంచీ మీద. రెండు వారాలు అలాగే గడిచాయి. మూడో వారం నేను బెంచీ మీద ఉండనని తెలిసి కూడా లోపలికి వెళ్లింది.

తర్వాత చదివితే తెలిసింది, ఇది ఎవరో అప్పటికప్పుడు కల్పించిన ఉపాయం కాదని. ఆందోళనతో బాధపడే 5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు తల్లిదండ్రుల చేతే, ఆన్‌లైన్ పాఠాలతో, థెరపిస్టు సాయంతో చికిత్స చేయించి చూసిన పరిశోధన ఒకటి ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో జరిగి 2024లో వెలువడింది. మామూలు చికిత్సకు ఏమాత్రం తీసిపోలేదు, థెరపిస్టు టైమూ తక్కువే పట్టింది. ఆ మిగిలిన టైము లిస్టులో వెనకున్న పిల్లలకు అందుతుంది కదా.

లోపాలూ ఉన్నాయి. నాలుగో నెలలో ఫోన్ చేసే మనిషి మారింది. కొత్తావిడ ఫైలు చూడకుండా మొదటి నుంచీ అడిగింది. మూడు వారాలు వృథా.

ఇది మాకు పనిచేయడానికి మా పరిస్థితులూ కలిసొచ్చాయి. పొద్దున పూట నేను ఇంట్లో ఉంటాను. బడివాళ్లు లైబ్రరీకి ఒప్పుకున్నారు. సమస్య కూడా ఆందోళనే. ఒంటిని గాయపరుచుకునే పిల్లలకు, తిండి మానేసిన పిల్లలకు వారానికో ఫోన్ చాలదు. వాళ్లను వెంటనే మనిషి చూడాల్సిందే. ఈ ఫోన్లను చూపించి లిస్టు తగ్గిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఏడు నెలలకు మా వంతు వచ్చేసరికి తను రోజూ సగం పూట బడికి వెళ్తోంది. థెరపీ ఐదుసార్లతో సరిపోయింది, మిగిలినవి వేరేవాళ్లకు ఇవ్వమన్నాం. పరీక్షల నెలలో నొప్పి మళ్లీ తొంగిచూస్తుంది. కేసు మూసేశాక ముదిరితే ఎలా అని అడిగితే, మళ్లీ లిస్టు చివరికే అన్నారు. కనీసం ఆరు నెలలపాటు నేరుగా ఆ నంబరుకే ఫోన్ చేసుకోనివ్వండి అని రాసిచ్చాను. జవాబు కోసం చూస్తున్నాను.