రూగర్ మార్క్ 4: ఐదేళ్ల వాడకం తర్వాత

అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటాను. ఐదేళ్లుగా నెలకు ఒకటి రెండు శనివారాలు షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాను. చేతిలో ఉండేది పాయింట్ టూ టూ (0.22 అంగుళాల చిన్న తూటాలు వాడే) రూగర్ మార్క్ 4 పిస్టల్. ఇప్పటికి ఆరు వేల రౌండ్లు దాటాయి. దీని గురి బాగుంటుందని చాలామంది చెబుతారు. నేను మాత్రం శుభ్రం చేయడం గురించే చెప్పాలనుకుంటున్నాను, దీన్ని ఇన్నాళ్లు ఉంచుకున్నది అందుకే.

పాయింట్ టూ టూ తూటాలు చవకే కానీ మురికి ఎక్కువ. సీసం, దాని మీది మైనం పూత, సరిగ్గా కాలని తుపాకీ మందు కలిసి బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి, వెనక మూసి ఉంచే ముక్క) ముందు భాగంలో నల్లటి జిడ్డులా పేరుకుంటాయి. ఇంతకుముందు నా దగ్గరున్న వేరే పిస్టల్‌ని విప్పితే మళ్లీ బిగించడానికి గంట పట్టేది. ఆ టెన్షన్‌తో విప్పడమే మానేశాను. చివరికి కాల్చాక మిగిలే తూటా ఖాళీ తొడుగు బయటికి రాక ఇరుక్కోవడం మొదలైంది.

రూగర్ కంపెనీ 1949లో మొదలైందే ఇలాంటి పిస్టల్‌తో. ఆ వరుసలో పాత మోడళ్లకి విప్పి బిగించడం కష్టమనే పేరుండేది. 2016లో వచ్చిన మార్క్ 4కి వెనక ఒక బటన్ పెట్టారు. మ్యాగజైన్ (తూటాలు ఉండే పెట్టె) తీసి, బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కళ్లతో చూసి, చిటికెన వేలితో తడిమి చూస్తాను. తూటాల డబ్బా వేరే గదిలో ఉంటుంది. ఇది ఒక్కసారి కూడా తప్పను. తర్వాత బోల్ట్‌ని ముందుకు వదిలి, సేఫ్టీ (తుపాకీ పేలకుండా ఆపే మీట) వేసి, బటన్ నొక్కితే పై భాగం పైకి లేస్తుంది, బోల్ట్ జారి చేతిలోకి వస్తుంది. అంతే.

అసలు పని బోల్ట్ దగ్గరే. ఖాళీ తొడుగుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద మసి గట్టిపడుతుంది. సాల్వెంట్ (మసిని కరిగించే ద్రవం) పూసి పావుగంట ఆగి, పళ్లు కుట్టుకునే పుల్లతో గీస్తే పెచ్చులుగా ఊడుతుంది. బ్యారెల్‌కి (తుపాకీ గొట్టానికి) బ్రష్‌ని ఛాంబర్ వైపు నుంచే పెట్టొచ్చు, కాబట్టి మూతి అంచు అరగదు. ఏడాదికోసారి, తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ కూడా తీస్తాను. ఆ గాడిలో నూనె వేయకూడదు, మురికిని పట్టేస్తుంది. పిన్‌ని ఆపే చిన్న అడ్డ పిన్ మాత్రం జాగ్రత్త. ఒకసారి దాన్ని బల్ల మీదే మర్చిపోయి బోల్ట్ బిగించాను. అదృష్టం కొద్దీ వెంటనే చూసుకున్నాను. అది లేకుండా ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుకి తగిలి సొట్ట పడుతుంది.

ట్రిగ్గర్ భాగాలు విప్పను. టూత్ బ్రష్, గాలి స్ప్రే చాలు. మ్యాగజైన్ లేకపోతే హ్యామర్ (ఫైరింగ్ పిన్‌ని కొట్టే సుత్తి) పడదు, కాబట్టి చివర్లో ట్రిగ్గర్ నొక్కి చూసే పరీక్షకి మ్యాగజైన్ ఖాళీయో కాదో మళ్లీ చూసి పెట్టాలి.

సీసం ఒంట్లోకి పోతే ప్రమాదం. గ్లవ్స్ వేసుకుని, గ్యారేజీ తలుపు తెరిచి చేయండి. వంటగది బల్ల మీద వద్దు. ఇంట్లో పిల్లలుంటే మరీ వద్దు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే సీరియల్ నంబర్ చూసుకోండి. 2017 జూన్ 1కి ముందు తయారైనవాటిని సేఫ్టీ లోపం వల్ల వెనక్కి పిలిచారు. మరమ్మతు జరిగిందని తేలాకే డబ్బు ఇవ్వండి.