అక్టోబర్, నవంబర్‌లకు వియత్నాం ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టేముందు డా నాంగ్ వానల సంగతి అడగండి

దసరా, దీపావళి సెలవులకు వియత్నాం ప్యాకేజీ చూస్తున్నవాళ్లు అడ్వాన్స్ పంపేముందు ఇది చదవండి. మేం నలుగురం, అందులో మా అమ్మ ఒకరు, మూడు లక్షలకు పైగా కట్టి వెళ్లాం. ఆ ప్రయాణంలో సగం రోజులు హోటల్ గదిలోనే గడిచిపోయాయి.

ప్యాకేజీ హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీ దగ్గర తీసుకున్నాం. ముందు హనోయ్, హా లాంగ్ బేలో ఓడ మీద ఒక రాత్రి, ఆ తర్వాత డా నాంగ్, హోయ్ ఆన్‌లలో మూడు రాత్రులు. కట్టేముందు నేను అడిగింది ఒక్కటే. "అక్టోబర్ నెలాఖరుకి అక్కడ వానలుంటాయా అండీ? మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, తడిలో నడవలేదు" అన్నాను. "అక్టోబర్ అంటే వియత్నాంకి బెస్ట్ సీజన్ మేడమ్, టెన్షన్ పెట్టుకోకండి" అన్నారు.

ఆ మాట హనోయ్ వరకు నిజమే. అక్కడ ఎండ తగ్గి, గాలి పొడిగా, హాయిగా ఉంది. విమానం ఎక్కి గంటన్నర లోపే డా నాంగ్‌లో దిగాం. దిగినప్పటి నుంచీ వానే.

వియత్నాం ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 1,650 కిలోమీటర్ల పొడవున్న సన్నటి దేశం. దానంతటికీ కలిపి ఒక సీజన్ చెప్పడం కుదరదు. హనోయ్‌లో వానాకాలం మే నుంచి సెప్టెంబర్ దాకా. హో చి మిన్ సిటీలో మే నుంచి నవంబర్ దాకా పడుతుంది కానీ ఎక్కువగా మధ్యాహ్నం ఒక జల్లు కొట్టి తెరిపిస్తుంది. మధ్యలో ఉన్న హ్యూ, డా నాంగ్, హోయ్ ఆన్‌ల లెక్క పూర్తిగా వేరు. మన నెల్లూరుకి ఈశాన్య రుతుపవనాలు వానలు తెచ్చే నెలల్లోనే వాళ్లకీ వానాకాలం. ఈశాన్య గాలి సముద్రం మీదుగా తేమ మోసుకొచ్చి అక్కడి కొండలకు తగిలి కుమ్మరిస్తుంది. తుఫానులు వస్తే అవి దీనికి అదనం. డా నాంగ్‌లో ఒక్క అక్టోబర్‌లో సగటున 600 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాది పొడవునా పడేది 800 అటూ ఇటూ. ప్యాకేజీలు అమ్మేవాళ్లకు ఈ సంగతి తెలియకపోతే తప్పు, తెలిసీ చెప్పకపోతే ఇంకా పెద్ద తప్పు.

హోయ్ ఆన్ చేరిన రోజు ఒక పాత వ్యాపారి ఇల్లు చూశాం. గోడ మీద ఏ ఏడు వరద ఎంత ఎత్తు వచ్చిందో గుర్తులు పెట్టారు. 1964 గుర్తు అన్నిటికంటే పైన ఉంది. మేడ గది నేలలో చెక్క తలుపు ఒకటి ఉంది. నది పొంగితే కింది సామానంతా దాంట్లోంచి పైకి లాగేస్తారట. మర్నాడు తెల్లవారుజామున థు బోన్ నది వీధిలోకి వచ్చేసింది. లాంతర్ల వీధిలో మోకాలి లోతు నీళ్లు. ఎదురు షాపులో ఒకామె బట్టల తానులు ఒక్కొక్కటే మేడ మీదకి అందిస్తోంది. ఆమె ముఖంలో కంగారు లేదు, ఏటా చేసే పనిలా చేస్తోంది. మా అమ్మని మాత్రం హోటల్ కుర్రాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకుని పడవ దాకా తెచ్చారు. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఆ పిల్లల సాయం నేను మర్చిపోలేను.

డా నాంగ్ దగ్గరి బా నా హిల్స్ కొండ మీద, రెండు పెద్ద చేతులు మోస్తున్నట్టుండే గోల్డెన్ బ్రిడ్జ్ కూడా ప్యాకేజీలోదే. కేబుల్ కారులో పైకి వెళ్తే పొగమంచులో ఆ చేతుల వేళ్లు కూడా కనపడలేదు. పడవ షికారు రద్దయింది. తిరిగొచ్చి రద్దయినవాటి డబ్బు అడిగితే "ప్రకృతి వైపరీత్యాలకు బాధ్యత వహించం" అని వోచర్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న లైన్ చూపించారు. తుఫాను వాళ్లు తెచ్చారని నేను అనను. ఏటా ఆ నెలలో పడే వానని ఎందుకు దాచారనే అడిగాను. "బెస్ట్ సీజన్" అన్నది ఫోన్‌లో కాబట్టి నా దగ్గర రుజువు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను, ఇంకా తేలలేదు.

అందుకే మీరు ఏం అడిగినా వాట్సాప్‌లో రాసి అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. "వియత్నాంలో వాతావరణం ఎలా ఉంటుంది" అని అడగొద్దు. ప్యాకేజీలో ఉన్న ప్రతి ఊరి పేరూ, ఆ ఊళ్లో మీరుండే తేదీలూ పెట్టి అడగండి. మీరు సొంతంగా చూసుకున్నా అంతే, ఊరు పేరు కొట్టి ఆ నెల సగటు వాన ఎంతో చూడండి. ప్రయాణ బీమా తీసుకుంటే వాతావరణం వల్ల ట్రిప్ మధ్యలో ఆగితే డబ్బు వస్తుందో లేదో పాలసీలో చదివాకే కట్టండి.

ఉత్తరం, మధ్య, దక్షిణం మూడు భాగాలూ ఒకే ట్రిప్‌లో చూడాలంటే మార్చి, ఏప్రిల్ నయం. పరీక్షల వల్ల ఆ నెలలు చాలామందికి కుదరవని తెలుసు. సెలవులు అక్టోబర్‌లోనే అయితే హనోయ్, నిన్ బిన్, హా లాంగ్ వైపే ఉండిపోండి. డా నాంగ్, హోయ్ ఆన్ ఫిబ్రవరి నుంచి ఆగస్టు మధ్య చూడొచ్చు, కాకపోతే జూన్ తర్వాత ఎండ గట్టిగా ఉంటుంది.

ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లు వోచర్ ఒకసారి తీసి చూడండి. డా నాంగ్, హోయ్ ఆన్, హ్యూ పేర్ల పక్కన అక్టోబర్, నవంబర్ తేదీలుంటే, మిగతా డబ్బు కట్టకముందే ఏజెంట్‌కి ఫోన్ చేసి ఆ రాత్రులు ఉత్తరానికి మార్చమనండి. బ్యాలెన్స్ వాళ్ల చేతికి వెళ్లాక మా మాట ఎవరూ వినలేదు.