నుదుటి పట్టీకి ఏది మేలు: రిబ్బనా, పూసలా, రాళ్ల గొలుసా?

చేతిపని మీద సరదా ఉన్నవాళ్లకు గుర్రం కళ్లెంలో అన్నిటికన్నా అనువైన భాగం నుదుటి పట్టీ. చెవుల కింద, కళ్లకు పైన అడ్డంగా వెళ్లే పట్టీ అది. బ్రౌబ్యాండ్ అన్నా అదే. పొడవు రెండు జానలు కూడా ఉండదు. పగ్గం లాగినప్పుడు దాని మీద పెద్దగా బలం పడదు. చెవుల వెనక నుంచి వచ్చే తలపట్టీ మెడ మీదికి జారిపోకుండా ఆపడమే దాని పని. అందుకే కుట్టుపని కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా ధైర్యంగా చేయి పెట్టొచ్చు. కళ్లెంలో మిగతా పట్టీల మీద ప్రయోగాలు చేయమని మాత్రం నేను చెప్పను. అవి తెగితే సవారీ చేసేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

అలంకారానికి దారులు ముఖ్యంగా మూడు. పట్టీ చుట్టూ రిబ్బన్ అల్లడం, తోలు గాడిలో పూసలు కూర్చి కుట్టడం, అదే గాడిలో రాళ్ల గొలుసు అతికించడం. ఫొటోల్లో చూస్తే మూడూ ముద్దొస్తాయి, అందుకని ఫొటో చూసి తేల్చుకోలేం. నేను పట్టీని తిరగేసి చూస్తాను. ముందు వైపు మనకోసం, వెనక వైపు గుర్రంకోసం. గుర్రం నుదుటి మీద చర్మం పలచన, దాని కిందే ఎముక. అక్కడ ఒక ముడి గుచ్చుకున్నా, జిగురు గడ్డకట్టినా అది తల విదిలిస్తూనే ఉంటుంది. మూడింటిలో ఏది మేలో తేల్చేది చాలావరకు ఈ వెనక వైపే.

ముందుగా కొలత సంగతి, ఎందుకంటే ఇది తప్పితే ఏ అలంకారమూ పనికిరాదు. బజారులో దొరికే పట్టీలు పోనీకి (పొట్టి జాతి గుర్రం) 13, 14 అంగుళాలు, కాబ్‌కి (పోనీకీ పెద్ద గుర్రానికీ మధ్య సైజు) 15, పూర్తి సైజు గుర్రానికి 16 అంగుళాల దరిదాపుల్లో ఉంటాయి. అయితే ఒక్కో తయారీదారు లెక్క ఒక్కో రకం. కొందరు ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలుస్తారు, కొందరు కొసల్లోని రెండు ఉచ్చుల మధ్య కొలుస్తారు. కాబట్టి గుర్రానికి ఇప్పటికే సరిపోతున్న పట్టీని తీసి, దాని కొలతే పట్టుకోవడం మంచిది. పొట్టిదైతే తలపట్టీని ముందుకు లాగి చెవుల మొదట్లో ఒరిపిడి పెడుతుంది. పొడుగైతే నుదుటి మీద వదులుగా ఊగుతుంది. పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి, చెవి మొదలుకు తగలకూడదు. కొసల్లోని ఉచ్చులను అలంకారంతో నింపేయకూడదు, బుగ్గ పట్టీ, గొంతు పట్టీ దూరేది వాటిలోంచే.

ఇక రిబ్బన్. మూడింటిలో సామాను తక్కువ, చేతి నేర్పు ఎక్కువ కావాల్సింది ఇదే. గుర్రాల తీరు, నడక చూసి జడ్జీలు తీర్పు చెప్పే బ్రిటన్ షోయింగ్ పోటీల్లో హ్యాక్‌లకూ (నాజూకైన సవారీ గుర్రాలు), షో పోనీలకూ కట్టే రంగురంగుల వెల్వెట్, శాటిన్ పట్టీలు ఈ కోవలోవే. వాటిలో పేరు మోసింది సొరచేప పంటి అల్లిక. ఒక రంగు రిబ్బన్‌ను పై అంచు నుంచి, ఇంకో రంగును కింది అంచు నుంచి ఏటవాలుగా మడుస్తూ, ఒకదాని మడత మీదికి ఇంకోదాన్ని తెస్తూ పట్టీ చుట్టూ తిప్పుకుంటూ పోతారు. ముందు వైపు రెండు రంగుల త్రికోణాలు పళ్లలా ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. చూడడానికి తేలిక, చేస్తుంటే తెలుస్తుంది. ప్రతి మడతా ఒకే కోణంలో పడాలి, ప్రతిసారీ ఒకే బిగువు ఉండాలి. పదో మడత దగ్గర ఒక నూలుపోగు మందం తేడా వస్తే అది ఇరవయ్యో మడతకు కంటికి కొడుతుంది. కాబట్టి మధ్యలోంచి మొదలుపెట్టి రెండు కొసలకూ అల్లుకుంటూ వెళ్తే మేలు. తేడా వచ్చినా రెండు వైపులా సమానంగా సర్దుకోవచ్చు.

రిబ్బన్ ఎంత పడుతుందో చాలామంది తక్కువ అంచనా వేస్తారు. 2 సెం.మీ. వెడల్పు పట్టీని ఒక్క చుట్టు చుట్టడానికే 5 సెం.మీ. దాకా కావాలి. చుట్టుకు ఒక సెం.మీ. చొప్పున ముందుకు జరిగితే 40 సెం.మీ. పట్టీకి 2 మీటర్లు, అదీ మడతలు లెక్కలోకి తీసుకోకుండా, ఒక్క రంగుకే. మధ్యలో అతుకు వేయాల్సి వస్తే ఆ అతుకు వెనకే కదా పడేది. కొంచెం ఎక్కువే తెచ్చుకోండి.

ఈ పనిలో వెనక వైపు మెత్తగా ఉంటుంది, రిబ్బన్‌కున్న అసలు బలం అదే. లోహం లేదు, గాజు లేదు. మడతలు కొంచెం ఎత్తుగా వస్తాయి కాబట్టి పలచటి తోలు గానీ, వెడల్పాటి రిబ్బన్ ముక్క గానీ అస్తరుగా వేసి అంచుల వెంట కుట్టేస్తే నున్నగా అయిపోతుంది. చిక్కల్లా చెమటతోనే. శాటిన్ మరకలు పట్టేస్తుంది, పోగులు లేస్తుంది. నుదుటి జుట్టు పోగుల్లో చిక్కుకుంటుంది. ముదురు ఎరుపు, నేవీ బ్లూ లాంటివి తడిస్తే రంగు దిగవచ్చు, అందులో తెల్ల గుర్రం అయితే మీరే ఊహించుకోండి. అల్లడానికి ముందే ఒక ముక్కను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తెల్లగుడ్డలో పిండి చూడండి. పాలిస్టర్ రిబ్బన్ కొసలను మంటకు దగ్గరగా చూపిస్తే పోగులు లేవవు, కానీ కరిగి గట్టిపడ్డ ఆ అంచు గరుకుగా ఉంటుంది కాబట్టి మడతలోపలికి పోవాలి. వెల్వెట్ జారదు, మడత పట్టుకుంటుంది, మరకలూ అంతగా కనబడనివ్వదు. రెండు రంగుల్లో ఒకటైనా వెల్వెట్ తీసుకోమంటాను. ఇంకో మాట: ఈ అల్లిక తిన్నటి పట్టీ మీదే కుదురుతుంది. ఒంపు తిరిగిన పట్టీ మీద లోపలి అంచున మడతలు గుట్టపడిపోతాయి.

పూసల పట్టీ వేరే లోకం. దీనికి ముందువైపు పొడవునా గాడి ఉన్న తోలు పట్టీ కావాలి. రెడీమేడ్ ఖాళీ గాడి పట్టీలు దొరుకుతాయి. తోలుపని వచ్చినవాళ్లు సొంతంగా కూడా చేసుకుంటారు. కొత్తవాళ్లు మాత్రం రెడీమేడ్‌తో మొదలుపెట్టడమే నయం. తోలు అంచులు చెక్కి నునుపు చేయడం, ఆరెతో వరసగా రంధ్రాలు పొడవడం, మైనం పట్టించిన దారంతో రెండు సూదుల కుట్టు వేయడం విడిగా నేర్చుకోవలసిన విద్య. తోలుపనీ, పూసల పనీ ఒకేసారి మొదలెడితే రెండూ విసుగొస్తాయి.

పూస సైజును గాడి కొలతను బట్టి ఎంచుకోవాలి. 11/0 అనే గింజ పూస సుమారు 2 మి.మీ., 8/0 సుమారు 3, 6/0 సుమారు 4 మి.మీ. ఉంటుంది. సంఖ్య పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుందని మరిచిపోవద్దు. పూస పైభాగం గాడి అంచులకు సమంగా గానీ, వెంట్రుకవాసి కిందికి గానీ ఉంటే తోలే పూసకు కాపలా. గుర్రం స్తంభానికి తల రుద్దుకున్నా దెబ్బ తోలుకు తగులుతుంది. అంచు దాటి పైకి పొడుచుకొస్తే ఆ పూస ఇవాళో రేపో పగులుతుంది.

రంగు విషయంలోనూ చూసుకోవాలి. గాజులోనే కలిసిన రంగు చెమటకు చెక్కు చెదరదు. పైపూత వేసిన లోహపు మెరుపు పూసలు, ప్లాస్టిక్ ముత్యాలు కొన్నాళ్లకే పొట్టు రేగుతాయి. ముఖాలు చెక్కిన క్రిస్టల్ పూసల రంధ్రాల అంచులు పదునుగా ఉండి దారాన్ని కోసేస్తాయి. వాటికి నైలాన్ తొడుగున్న సన్నటి స్టీలు తీగ వాడాలి. తీగ కొస మాత్రం తోలు లోపల దాగిపోవాలి, బయటికి పొడుచుకొస్తే పక్కనే కన్ను.

పూసల పనిలో ఎక్కువమంది పట్టించుకోనిది ఒంపు. బల్ల మీద పరిచిన పట్టీలో పూసల వరస నిండుగా, బిగువుగా కూర్చామనుకోండి. గుర్రం నుదుటి మీద పట్టీ వంగగానే బయటి వైపు దూరం పెరుగుతుంది, దారం పెరగదు. వరస గాడి అడుక్కి లాక్కుపోతుంది, లేదా కొసల కుట్టు మీద భారమంతా పడుతుంది. గుర్రం నుదురంత గుండ్రంగా ఉండే డబ్బా ఏదైనా తీసుకుని, పట్టీని దాని మీద వంచి కట్టి, ఆ వంపులోనే కుట్టండి. నాలుగైదు పూసలకొకసారి వరస మీదుగా చిన్న కుట్టు వేసి తోలుకు బిగించాలి. అప్పుడు ఎక్కడైనా దారం తెగినా ఆ నాలుగైదే రాలతాయి, వరసంతా జలజలా పోదు.

ఇక తిరగేసి చూద్దాం. ఆ కుట్లన్నీ వెనక్కి తేలతాయి, ముడులు కూడా. అలాగే వదిలేస్తే మూడింటిలోకీ గుర్రానికి ఎక్కువ బాధ పెట్టేది ఇదే. పలచటి మెత్తటి తోలు అస్తరు వేసి చుట్టూ కుట్టేస్తే మాత్రం మూడింటిలోకీ నున్నటిదీ ఇదే. ముందువైపు ఎంత అందంగా వచ్చినా అస్తరు లేని పూసల పట్టీని సగం పని కిందే లెక్కేస్తాను.

రాళ్ల గొలుసు సంగతి త్వరగా తేలిపోతుంది. ఇత్తడి గూళ్లలో పళ్లతో బిగించిన రాళ్ల వరస ఇది, కప్ చైన్ అంటారు. రాళ్ల సైజును ఎస్ఎస్ అంకెల్లో చెబుతారు, ఎస్ఎస్16 అంటే సుమారు 4 మి.మీ. రాయి. గాడికి సరిపడా కత్తిరించి, ఇ6000 లాంటి సాగే గుణమున్న జిగురుతో అతికిస్తే పని చేతిలోంచి దిగిపోతుంది. జిగురు పూర్తిగా గట్టిపడడానికి 24 నుంచి 72 గంటలు వదిలేయాలి, దాని వాసన పడదు కాబట్టి కిటికీలు తెరుచుకుని చేయాలి. సూపర్ గ్లూ వద్దు. అది గాజులా గట్టిపడుతుంది, పట్టీ వంగినప్పుడల్లా పగులుతుంది, పైగా రాళ్ల మీద తెల్లటి పొగమంచులాంటి మరక వదులుతుంది. తోలుకు నూనె పట్టించి ఉంటే జిగురు పట్టదు, గాడిని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి.

కుట్టు లేదు కాబట్టి వెనక వైపు ఏ గొడవా లేదు. గొలుసును మెచ్చుకోవాల్సింది ఇందుకే. ముందు వైపే దాని జాతకం బయటపడేది. చెమటలోని ఉప్పుకు పూత పోయి ఇత్తడికి ఆకుపచ్చ చిలుము పడుతుంది. రాళ్ల వెనక ఉండే వెండి రేకులోకి తడి చేరితే రాయి నల్లబడి చచ్చిపోతుంది, దాన్ని ఎంత తుడిచినా తిరిగి మెరవదు. గూళ్ల పళ్లు నుదుటి జుట్టును పట్టుకుంటాయి. మైదానంలో ఎండ తగిలినప్పుడు దాని ధగధగ ముందు పూసలు వెలవెలబోతాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ హాబీ అని కూర్చున్నవాళ్లకు ఇందులో చేయడానికి ఏముంది? కత్తిరించడం, అతికించడం. జిగురు ఆరాక పట్టీ ఉంటుంది, పని నేర్చుకున్న తృప్తి ఉండదు.

పారాకార్డ్ (సన్నటి నైలాన్ తాడు) జడలు కూడా కొందరు వేస్తారు. ఉతుక్కోవచ్చు, త్వరగా తెగదు, పిల్లలకు నేర్పడానికి బాగుంటుంది. వెనక ముడుల ఎత్తు మాత్రం తగ్గించలేం. పొలం గట్ల మీద షికారుకు సరే, పోటీకి కాదు.

పోటీ అన్నాం కాబట్టి: ఎక్కడికి కట్టుకెళ్తారో ముందే అడగండి. అమెరికా గుర్రపు స్వారీ సమాఖ్య యూఎస్ఈఎఫ్ వారి డ్రెసాజ్ (గుర్రం కదలికల నేర్పు చూసే పోటీ) నిబంధనలు నుదుటి పట్టీ మీద లోహం, పూసలు, రాళ్లు, క్రిస్టల్స్‌ను ఒప్పుకుంటాయి. బ్రిటన్ షోయింగ్‌లో మాత్రం హంటర్లకూ (వేట గుర్రాలు), కాబ్‌లకూ, నాటు జాతి పోనీలకూ సాదా తోలు పట్టీయే ఆనవాయితీ. అక్కడికి రాళ్లు మెరిపిస్తూ వెళ్తే జడ్జి కన్ను గుర్రం కన్నా ముందు పట్టీ మీద పడుతుంది.

చేతిపని నేర్చుకోవాలని ఉన్నవాళ్లకు నా ఓటు రిబ్బన్‌కే. తప్పు పడితే విప్పి మళ్లీ చుట్టొచ్చు, పరికరాలు అక్కర్లేదు, గుర్రానికి హాని లేదు. ఏడాది పొడవునా రోజూ సవారీ చేసే గుర్రానికి ఒకే ఒక్క పట్టీ చేస్తానంటే అస్తరు వేసిన పూసల పట్టీ చేయండి. వాడాక తడిగుడ్డతో తుడిస్తే చాలు. రాళ్ల గొలుసు ఎప్పుడో ఒకసారి కట్టే ప్రదర్శన పట్టీకి మాత్రమే. ఇంకొకరి గుర్రానికి కానుకగా ఇవ్వాలనుకుంటే కొసలకు ప్రెస్ బటన్లు ఉన్న పట్టీ తీసుకోండి. కళ్లెం మొత్తం విప్పకుండానే మార్చుకోవచ్చు. ఆ బటన్ల వెనక లోహపు మూతలకూ అస్తరు కప్పాలి.