రద్దా, వాయిదానా, బబులా? మహమ్మారి వేళ కాలేజీ బాస్కెట్‌బాల్‌కి ఏది మేలు

అమెరికాలో మార్చి నెల వచ్చిందంటే కాలేజీ బాస్కెట్‌బాల్ సందడే. పురుషుల టోర్నమెంట్‌లో 68 జట్లు, ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. 1939లో మొదలైన ఈ పోటీ రెండో ప్రపంచ యుద్ధంలో కూడా ఆగలేదు. 2020లో కోవిడ్ వల్ల ఆగింది. 2021లో మళ్ళీ జరిగింది, కానీ పోటీ మొత్తాన్నీ ఒక్క రాష్ట్రంలోనే పెట్టారు. ఆటగాళ్ళని బయటివాళ్ళతో కలవనివ్వకుండా ఒకేచోట ఉంచి ఆడించే ఈ పద్ధతినే బబుల్ అంటారు. ఈ రెండు నిర్ణయాల్లో ఏది సరైనదని ఇప్పటికీ వాదనలు నడుస్తుంటాయి. నా మటుకు రెండూ సరైనవే, వేటి సమయానికి అవి. తేడా అంతా టెస్టుల దగ్గరుంది.

ముందు 2020 సంగతి. మార్చి 11న, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒక మధ్యేమార్గం చెప్పింది: మ్యాచ్‌లు ఉంటాయి, ప్రేక్షకులు ఉండరు. ఆ రాత్రే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాడు రూడీ గోబేర్‌కి పాజిటివ్ అని తేలి ఆ లీగ్ ఆగిపోయింది. మర్నాడు న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సెయింట్ జాన్స్, క్రైటన్ జట్లు మొదటి సగం ఆడి విరామానికి వెళ్ళాయి. రెండో సగం జరగనే లేదు. సాయంత్రానికల్లా పురుషుల, మహిళల టోర్నమెంట్లు రెండూ రద్దయ్యాయి.

ఖాళీ స్టేడియంలో ఆడించి ఉండాల్సింది అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ప్రేక్షకుల్ని ఆపితే ప్రేక్షకులకే రక్షణ. కోర్టు మీద పదిమంది ఒకరి మీద ఒకరు పడుతూ, రొప్పుతూ ఆడతారు, ఆపైన విమానమెక్కి ఇంకో ఊరికి వెళ్తారు. అప్పటికి అమెరికాలో జ్వరంతో వచ్చినవాళ్ళకే టెస్టులు సరిగా దొరకడం లేదు. ఎవరికి ఉందో, ఎవరికి లేదో తెలియకుండా ఆడించడం పిల్లల ప్రాణాలతో పందెం కాయడమే. బతికుంటే బలుసాకు తినొచ్చని మన పెద్దలన్నది ఇలాంటప్పటికే.

అలాగని రద్దు వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. 29 గెలిచి 2 మాత్రమే ఓడిన డేటన్ లాంటి జట్టుకి అలాంటి సీజన్ మళ్ళీ ఎప్పుడొస్తుంది? మహిళల్లో సౌత్ కరోలినా 32 గెలిచి ఒక్కటే ఓడింది. ఓరెగన్ స్టార్ సబ్రీనా అయనెస్కుకి అది ఆఖరి ఏడాది. బేస్‌బాల్ లాంటి వసంతకాలం ఆటలవాళ్ళకి ఎన్‌సీఏఏ ఇంకో ఏడాది ఆడే అవకాశం ఇచ్చింది కానీ బాస్కెట్‌బాల్ సీనియర్లకి ఇవ్వలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇదే. ఇక డబ్బు: డివిజన్ వన్, అంటే పై స్థాయి కాలేజీలకి ఎన్‌సీఏఏ పంచాల్సిన 60 కోట్ల డాలర్లు 22.5 కోట్లకి పడిపోయాయి.

వాయిదా మాటేమిటి? 2020లో దాని వల్ల ఒరిగేదేమీ లేదు, మే నెలలోనూ పరిస్థితి కుదుటపడలేదు. 2021కి మాత్రం ఆలోచించదగ్గ మాటే. సీజన్‌ని వెనక్కి జరిపి టోర్నమెంట్ మేలో పెట్టమని కోచ్ రిక్ పిటినో ముందే అడిగాడు. ఏప్రిల్ 19 కల్లా అమెరికాలో పద్దెనిమిదేళ్ళు నిండిన అందరికీ టీకాకి అర్హత వచ్చింది కాబట్టి ఆయన లెక్క తప్పేమీ కాదు. కానీ అప్పటికే ఏడాదిగా ముక్కులో పుల్లలు పెట్టించుకుంటూ, ఇంటికి దూరంగా గడిపిన విద్యార్థులకి ఇంకో రెండు నెలల టెన్షన్ అంటే ఎక్కువే. పరీక్షలు, డిగ్రీ పట్టాలు, ఎన్‌బీఏ సన్నాహాలు అన్నీ అప్పుడే మీద పడతాయి.

అందుకే 2021కి బబులే మేలైనదంటాను. మామూలుగా ఊరూరా జరగాల్సిన 67 మ్యాచ్‌లనీ ఇండియానాలో, ఎక్కువగా ఇండియానాపోలిస్‌లో పెట్టారు. రావడానికి ముందు వరుసగా ఏడు రోజులు నెగెటివ్ రావాలి, వచ్చాక రోజూ టెస్టు. ఒక్కో జట్టుకి హోటల్లో విడిగా అంతస్తు, మనిషికో గది. కన్వెన్షన్ సెంటర్‌లో ప్రాక్టీసు, పక్కనున్న బేస్‌బాల్ మైదానంలో కాసేపు ఎండ, గాలి. ఒకేచోట ఉండటం ఎంత ముఖ్యమో మన ఐపీఎల్ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2020లో యూఏఈలో సాఫీగా సాగిన పోటీ, 2021లో ఊళ్ళు మారుతూ ఆడేసరికి మే 4న మధ్యలో ఆగిపోయింది.

ఇండియానాలో 67కి 66 మ్యాచ్‌లు జరిగాయి. జరగనిది వీసీయూ (వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీ), ఓరెగన్ మ్యాచ్. వీసీయూలో పాజిటివ్‌లు రావడంతో ఆటకి కొన్ని గంటల ముందు రద్దు చేసి ఓరెగన్‌ని ముందుకి పంపారు. ఒక్క బంతి ఆడకుండా ఇంటిదారి పట్టడం ఎంత బాధో! అయినా ఆ ఒక్క జట్టుతో ఆగింది, పోటీ కుప్పకూలలేదు. ఏప్రిల్ 5న ఫైనల్లో బేలర్ 86-70తో గొంజాగాని ఓడించింది. స్టేడియంలో నాలుగో వంతు ప్రేక్షకుల్ని రానివ్వడం మాత్రం అనవసరం. ఆటగాళ్ళని గదుల్లో ఉంచి, వేలమందిని గేటు దాటించడంలో అర్థం లేదు.

అన్నిటికంటే పెద్ద లోపం టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో, మహిళల బబుల్లో బయటపడింది. మగవాళ్ళకి హాలు నిండా బరువులు, యంత్రాలు. 64 జట్ల ఆడపిల్లలకి ఒక చిన్న డంబెల్స్ స్టాండు, కొన్ని యోగా చాపలు. చోటు చాలదని ఎన్‌సీఏఏ అంటే, ఓరెగన్ ఆటగత్తె సెడోనా ప్రిన్స్ ఫోను పట్టుకుని ఆ పక్కనే ఉన్న ఖాళీ హాలంతా వీడియోలో చూపించింది. దేశమంతా చూశాక రెండ్రోజుల్లో జిమ్ వచ్చింది. టెస్టుల్లోనూ తేడానే: పురుషులకి రోజూ ఎక్కువ కచ్చితమైన పీసీఆర్, మహిళలకి రోజూ అంత కచ్చితం కాని యాంటీజెన్. ఒకే వైరస్‌కి రెండు రకాల జాగ్రత్తలేమిటి? స్టాన్‌ఫర్డ్ 54-53తో అరిజోనాని ఓడించిన ఆ ఫైనల్ ఆ ఏడాది చూసినవాటిలో నాకు బాగా నచ్చిన ఆట. అలా ఆడినవాళ్ళని అలా చూడటం సిగ్గుచేటు.

మళ్ళీ ఇలాంటి రోజులొస్తే నేను బబుల్‌కే ఓటేస్తాను. కానీ టెస్టులు అందరికీ దొరికాకే, ప్రేక్షకులు లేకుండా, రెండు టోర్నమెంట్లకీ ఒకే ల్యాబ్, ఒకే జిమ్ అని ముందే రాసిపెట్టుకున్నాకే.