బైట్ల డేటాకు సెర్డే, సీబోర్: చాలాకాలం వాడాక నా మాట

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి లాట్ల వివరాలు, గదుల ఉష్ణోగ్రతలు పంపే చిన్న పరికరాలకు సాఫ్ట్‌వేర్ రాస్తుంటాం. కోడ్ రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంటుంది, డేటాను ప్యాకెట్లుగా మార్చే పని సెర్డే లైబ్రరీది. కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. బైట్ల డేటాను ఇంత శ్రద్ధగా చూసుకునే లైబ్రరీ నాకు ఇంకోటి దొరకలేదు. ఒక్క విషయంలో మాత్రం దాని మానాన దాన్ని వదిలేయకూడదు.

మా ప్రతి రీడింగుకూ 32 బైట్ల హాష్, అంటే ఆ డేటా నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి విలువ, ఉంటుంది. జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో ముడి బైట్లకు చోటు లేదు. హెక్స్‌గా (బైటుకు రెండు అక్షరాల చొప్పున) రాస్తే 64 అక్షరాలు, బైట్లను అక్షరాలుగా రాసే మరో పద్ధతి బేస్64 అయితే 44. సీబోర్ అనే బైనరీ ఫార్మాట్‌లో 34 బైట్లతో సరిపోతుంది. సెర్డేలో 'ఈజ్ హ్యూమన్ రీడబుల్' అనే ఫంక్షన్ ఉంది చూడండి, నాకు ప్రాణం అదే. ఈ ఫార్మాట్ మనుషులు చదివేదేనా అని మన కోడ్ అడగొచ్చు. అవునంటే హెక్స్ రాస్తాం, కాదంటే ముడి బైట్లు. సెర్డే ఐపీ అడ్రసులను రాసేదీ ఇలాగే. సీజన్‌లో యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) పోటెత్తే రోజుల్లో కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోన్ వస్తే టెన్షన్ ఉండదు. జేసన్ లాగ్ తెరిచి, హాష్‌లో మొదటి నాలుగు అక్షరాలు ఫోన్లోనే చదివి సరిచూసుకుంటాం. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట అదే రీడింగ్ చిన్న సీబోర్ ప్యాకెట్‌గా వెళ్లిపోతుంది. సీబోర్‌ను నిర్వచించే ప్రమాణ పత్రం, 2020 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8949 ప్రకారం రాసిన ప్యాకెట్ కాబట్టి అవతలి సర్వర్ ఏ భాషలో ఉన్నా ఇబ్బంది లేదు.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటు. వెక్ యూ8ను (రస్ట్‌లో బైట్ల వరుసను ఉంచే టైపు) అలాగే ఇస్తే సెర్డే దాన్ని బైట్లుగా కాక అంకెల జాబితాగా రాస్తుంది. స్టేబుల్ రస్ట్‌లో స్పెషలైజేషన్ (ఒక టైపుకు విడిగా వేరే కోడ్ ఇచ్చే సదుపాయం) లేకపోవడం వల్ల యూ8కు విడిగా దారి చూపలేదు. సీబోర్‌లో 23 వరకు ఉన్న అంకెలే ఒక్క బైటులో పడతాయి, 24 నుంచి 255 వరకు రెండేసి బైట్లు. దాంతో మన హాష్ సాధారణంగా 60 బైట్లు దాటుతుంది. ఎర్రర్ రాదు, డేటా సరిగ్గానే తిరిగొస్తుంది, అందుకే ఎవరి కంటా పడదు. సెర్డే బైట్స్ అనే క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) పెట్టి ఆ ఫీల్డు పైన ఒక్క లైన్ రాస్తే చాలు. ఈ సంగతి కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

మీ ప్రాజెక్టులో ఒక టెస్టు తప్పక పెట్టుకోండి. హాష్‌ను సీబోర్‌గా మార్చి మొదటి రెండు బైట్లు హెక్స్‌లో చూడండి. 58 20 అని వస్తే బైట్లుగానే వెళ్తోంది. 98 20 అని వస్తే జాబితాగా వెళ్తోంది, ఆ లైన్ ఎక్కడో రాయకుండా వదిలేశారన్నమాట.